అంచనాకు మార్కులు వేయడం నేర్చుకోండి

"ఎప్పటికి అయిద్ది?"

ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచి రిటైరయ్యే రోజు దాకా సాఫ్ట్‌వేర్ పనిచేసేవాళ్లను వెంటాడే ప్రశ్న ఇది. హైదరాబాద్ ఆఫీసులో మేనేజరు అడుగుతారు. మాచర్లలో ఇంటి నుంచి పనిచేసే అమ్మాయిని బెంగళూరు టీమ్ లీడ్ ఫోన్‌లో అడుగుతారు. నరసరావుపేటలో ఇద్దరు స్నేహితులు కలిసి చిన్న ఆఫీసు పెట్టుకుంటే, పని ఇచ్చిన వ్యాపారి కూర్చోకముందే అడుగుతాడు. మనం ఏదో ఒక సంఖ్య చెప్పేస్తాం. పని అయ్యాక ఆ సంఖ్యను మళ్లీ తీసి చూసేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

అంచనా వేయడం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. వేసిన అంచనా ఎంతవరకు నిజమైందో కొలవడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ అధ్యాయం ఆ రెండో పని గురించి. కొలవని అంచనా ఎన్నేళ్లు వేసినా మెరుగుపడదు. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా కాకిలెక్కలే చెబుతూ ఉండటానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, తమ పాత లెక్కల్ని తిరగేసి చూసుకోకపోవడం.

ముందు మూడు మాటల్ని విడదీయండి

మనం ఒకే నోటితో మూడు వేర్వేరు సంగతులు చెప్పి, మూడింటినీ అంచనా అనే పిలుస్తాం.

మొదటిది అసలు అంచనా. తెలిసిన వివరాలను బట్టి ఈ పనికి ఎంత శ్రమ పడుతుందని మీకు నిజంగా అనిపిస్తోందో అది.

రెండోది లక్ష్యం. "శివరాత్రి లోపు కావాలి" అని ఎదుటివాళ్లు చెప్పేది. శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్ల తేదీ ఎవరి కోసమూ వెనక్కి జరగదు. అలాగే కొన్ని గడువులు మన చేతిలో ఉండవు. గడువు ఎంత గట్టిదైనా, పని పరిమాణం దాన్నిబట్టి తగ్గిపోదు.

మూడోది మాట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, "ఇంతవరకు ఈ తేదీకి ఇస్తాను" అని ఒప్పుకునేది.

ఎదుటివాళ్లు చెప్పిన లక్ష్యాన్నే మీ అంచనాగా రాసుకుంటే, తర్వాత కొలిచేది మీ అంచనా శక్తిని కాదు, మీ మొహమాటాన్ని. అందుకే ఎదుటివాళ్లు తేదీ చెప్పక ముందే మీ సంఖ్యను కాగితం మీద పెట్టండి. ఒకసారి పెద్దమనిషి నోట "పది రోజులు" అనే మాట విన్నాక, మన ఆలోచన ఆ పది చుట్టూనే తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అంచనాల మీద జరిగిన పరిశోధనల్లో ఈ బలహీనత మళ్లీ మళ్లీ కనిపించింది. అనుభవజ్ఞులు కూడా దీనికి అతీతులు కారు.

గడియారం ఎక్కడ మొదలైంది?

కొలవాలంటే రెండు చివర్లూ తెలియాలి. మన ప్రాంతంలోని ఒక పెద్ద పనినే చూడండి. కృష్ణా నది మీద పులిచింతల ప్రాజెక్టుకు ఎన్.టి. రామారావు 1988లో శంకుస్థాపన చేశారు. అసలు నిర్మాణం ఊపందుకున్నది 2004 తర్వాత. జాతికి అంకితమైంది 2013లో. ఇది ఎన్నేళ్ల పని? మొదటి రాయి నుంచి లెక్కిస్తే 25 ఏళ్లు. పనులు మళ్లీ మొదలైన ఏడాది నుంచి లెక్కిస్తే 9. రెండూ నిజమే. ఏ లెక్క చెబుతున్నారో ముందే తేల్చుకోకపోతే, ఒకరు ఈ పనిని ఘోరమైన ఆలస్యమంటారు, ఇంకొకరు ఫర్వాలేదంటారు. ఆ వాదన ఎప్పటికీ తెగదు.

నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గానిదీ ఇలాంటి పాఠమే. 2011–12లో మంజూరైనప్పుడు దాదాపు 309 కిలోమీటర్ల పొడవుకు 2,289 కోట్ల రూపాయల అంచనా వేశారు. పదేళ్లు దాటినా మార్గం మొత్తం పూర్తి కాలేదు. పిడుగురాళ్ల–శావల్యాపురం ముక్క మాత్రం ముందే పట్టాలెక్కింది. ఇలాంటి పనిలో "అంచనా తప్పిందా?" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు రాదు. ఏ ముక్క? ఏ ధరల్లో? భూసేకరణకు పట్టిన కాలాన్ని కలిపా, తీసేసా? ఇవన్నీ తేలాకే కొలత మొదలవుతుంది.

మీ పనిలోనూ అంతే. అంచనా రాసేటప్పుడే నాలుగు విషయాలు రాయండి.

ఒకటి, పని ఎప్పుడు మొదలైనట్టు. ఫోన్‌లో మాట్లాడిన రోజా, వివరాలన్నీ చేతికందిన రోజా?

రెండు, ఎప్పుడు పూర్తయినట్టు. మీ కంప్యూటర్‌లో నడిచిన రోజా, ఎదుటివాళ్లు వాడి సరేనన్న రోజా?

మూడు, లెక్క దేనిలో. ఒక మనిషి కూర్చుని చేసిన పని గంటల్లోనా, క్యాలెండర్ రోజుల్లోనా? ఎనిమిది గంటల పనికి ఒక్కోసారి నాలుగు రోజులు పడుతుంది. కరెంటు పోతుంది, పెళ్లి ముహూర్తాలు వస్తాయి, అవతలివాళ్లు పాస్‌వర్డ్ ఇవ్వడానికి మూడు రోజులు తీసుకుంటారు. శ్రమ అంచనా సరిగ్గా ఉండి క్యాలెండర్ అంచనా తప్పితే, దిద్దుకోవాల్సింది వేరే చోట ఉంటుంది.

నాలుగు, ఈ అంచనాలో ఏముంది, ఏం లేదు. మధ్యలో "ఇదొక్కటి కూడా పెట్టు" అని కలిపిన పనికి వేరే అంచనా, వేరే వరుస. దాన్ని పాత సంఖ్యలో కలిపేసి "తప్పింది" అనుకుంటే మీకు మీరే అన్యాయం చేసుకున్నట్టు.

పద్ధతులు చాలా ఉన్నాయి

కొలిచే పద్ధతుల్లోకి వెళ్లేముందు, ఏయే అంచనా పద్ధతులు చలామణిలో ఉన్నాయో చూద్దాం.

ఎక్కువగా వాడేది అనుభవజ్ఞుడి కంటి అంచనా. పని చూసి, పాతవి గుర్తు చేసుకుని ఒక సంఖ్య చెప్పడం. దాన్నే బృందంగా చేస్తే ప్లానింగ్ పోకర్. అందరూ తమ సంఖ్యను పేకముక్కలాంటి కార్డు మీద పెట్టి ఒకేసారి తిప్పుతారు. ఎక్కువ తక్కువ చెప్పినవాళ్లు కారణం వివరిస్తారు, మళ్లీ వేస్తారు. 2002లో జేమ్స్ గ్రెనింగ్ దీన్ని రాసి పెట్టాక, తర్వాతి ఏళ్లలో మైక్ కోన్ పుస్తకాల వల్ల ప్రపంచమంతా పాకింది. పెద్దాయన ముందు కుర్రాడు నోరు విప్పలేని మన ఆఫీసుల్లో దీని విలువ ఎక్కువ. ముక్క తిరిగే దాకా ఎవరి సంఖ్య ఎవరికీ తెలియదు.

ఇంకొకటి ఫంక్షన్ పాయింట్లు. ఐబీఎంలో పనిచేసిన అలన్ ఆల్బ్రెక్ట్ 1979లో దీన్ని బయటపెట్టారు. ప్రోగ్రాం ఎన్ని లైన్లో ఊహించడం మానేసి, లోపలికి వచ్చే సమాచారం, బయటికి వెళ్లేది, వెతుకులాటలు, ఫైళ్లు, ఇతర వ్యవస్థలతో కలిసే చోట్లు ఎన్నో లెక్కపెట్టడం దీని సారం.

మూడోది సూత్రాల దారి. ఇందులో అన్నిటికన్నా పేరున్నది కొకోమో. బ్యారీ బోమ్ 1981లో 63 ప్రాజెక్టుల అనుభవం నుంచి దీన్ని తయారుచేశారు. సులువైన రకం పనులకు సూత్రం ఇది: వేల లైన్ల సంఖ్యను 1.05 ఘాతానికి పెంచి 2.4తో గుణిస్తే మనిషి-నెలలు వస్తాయి. పది వేల లైన్ల ప్రోగ్రాంకు దాదాపు 27 మనిషి-నెలలు. దశాంశాలతో సహా వచ్చే ఈ జవాబు చూస్తే నమ్మకం కలుగుతుంది. కానీ కొకోమోలో అన్నిటికన్నా సరళమైన ఈ బేసిక్ నమూనా, తాను పుట్టిన 63 ప్రాజెక్టుల మీదే, రెండు రెట్ల తేడా లోపల నిలిచింది 60 శాతం సార్లే. ఈ మాట చెప్పింది ఎవరో విమర్శకుడు కాదు, బోమే. తన పద్ధతి ఎంత తప్పుతుందో తానే కొలిచి చెప్పడం ఆయన దగ్గర మనం నేర్చుకోవాల్సిన మొదటి గుణం.

తర్వాత వచ్చినవాళ్లు కృత్రిమ మేధ దారి పట్టారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.వి.జి.డి. ప్రసాద్ రెడ్డి, మరికొందరు పరిశోధకులు 2010లో రెండు రకాల న్యూరల్ నెట్‌వర్క్‌లను కొకోమో 81 సమాచారం మీద, అంటే ఆ 63 ప్రాజెక్టుల వివరాల మీద నడిపి, బోమ్‌దే ఇంకొంచెం వివరమైన ఇంటర్మీడియట్ నమూనాతో పోల్చారు. ఆ పనిలో మనకు కావలసింది ఒకటుంది. వాళ్లు ఒక్క కొలమానంతో తీర్పు చెప్పలేదు, వేర్వేరు కొలమానాలు పెట్టి చూశారు. ఒక్కటి ఎందుకు చాలదో కింది ఉదాహరణలో తెలుస్తుంది.

ఒక కోల్డ్ స్టోరేజీ లెక్క

ఊహించిన ఉదాహరణే, కానీ మన దగ్గర రోజూ జరిగే పనిలాంటిది. మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ రాయాలి. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తెస్తాడు, గేటు దగ్గర లెక్క రాస్తారు, లాట్ నంబరు వేస్తారు, బాండ్ ఇస్తారు. ఆ బాండ్ మీద బ్యాంకు అప్పిస్తుంది. సరుకు తీసేటప్పుడు అద్దె కట్టించుకుంటారు.

పనిని ఐదు ముక్కలు చేసి రెండు పద్ధతుల్లో అంచనా వేశారనుకోండి. మొదటిది సీనియర్ కంటి అంచనా. రెండోది లెక్క అంచనా. అంటే ఎన్ని తెరలు, ఎన్ని ప్రింట్లు, ఎన్ని లెక్కింపులు అని పట్టీ వేసి, పాత పనుల్లో ఒక్కోదానికి పట్టిన కాలంతో గుణించడం. చివరి సంఖ్య నిజంగా పట్టిన పని రోజులు.

గేటు ఎంట్రీ: కంటి అంచనా 3, లెక్క అంచనా 5, పట్టింది 4.
బాండ్ ప్రింటింగ్: కంటి అంచనా 4, లెక్క అంచనా 8, పట్టింది 10.
అద్దె లెక్క: కంటి అంచనా 6, లెక్క అంచనా 7, పట్టింది 8.
బ్యాంకు అప్పు నమోదు: కంటి అంచనా 5, లెక్క అంచనా 8, పట్టింది 6.
రోజువారీ రిపోర్టు: కంటి అంచనా 3, లెక్క అంచనా 3, పట్టింది 2.

బాండ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ప్రింటు కొట్టడమే కదా, నాలుగు రోజులు చాలనిపిస్తుంది. పనిలోకి దిగాక తెలుస్తుంది. బాండ్ కాగితం ముందే అచ్చయి ఉంటుంది, దాని గళ్లలో అంకెలు సరిగ్గా కూర్చోవాలి. రైతు పేరు తెలుగులో రావాలి, పాత ప్రింటరుకు ఆ అక్షరాలు అందవు. మూడు వందల టిక్కీలు పెట్టిన రైతు వంద తీసుకెళ్తే, మిగిలిన రెండు వందలకు కొత్త బాండా, పాతదాని మీద నమోదా? బాండ్ పోగొట్టుకున్నవాళ్లకు నకలు ఇస్తే అది నకలని కనిపించాలి, లేదంటే ఒకే సరుకు మీద రెండు బ్యాంకుల్లో అప్పు పుడుతుంది. ఇవేవీ ప్రోగ్రాం రాసేవాడి కంటికి కనిపించవు, గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి. అంచనా తప్పుల్లో పెద్దవి ఎక్కువగా ఇలాగే వస్తాయి. కోడ్ రాసే వేగాన్ని మనం తప్పుగా ఊహించడం తక్కువ. పనిలో ఏముందో తెలియకపోవడం ఎక్కువ.

ఐదు ప్రశ్నలతో మార్కులు

మొదటి ప్రశ్న: సగటున ఎన్ని రోజులు తప్పింది? ఎక్కువా తక్కువా అని చూడకుండా తేడాలు కలపండి. కంటి అంచనాలో 1, 6, 2, 1, 1. మొత్తం 11, సగటు 2.2 రోజులు. లెక్క అంచనాలో 1, 2, 1, 2, 1. మొత్తం 7, సగటు 1.4 రోజులు.

రెండో ప్రశ్న: పని పరిమాణంతో పోలిస్తే ఎంత శాతం తప్పింది? ఒక్కో తేడాను నిజంగా పట్టిన రోజులతో భాగించి సగటు తీయండి. కంటి అంచనాకు 35 శాతం, లెక్క అంచనాకు 28 శాతం. పరిశోధన పత్రాల్లో ఎంఎంఆర్ఈ అనే పేరుతో కనిపించేది ఇదే.

మూడో ప్రశ్న: ఎన్ని పనుల్లో తేడా 25 శాతం లోపు ఉంది? దీన్ని ప్రెడ్ 25 అంటారు. ఇక్కడ రెండు పద్ధతులకూ ఐదింటిలో మూడు, అంటే 60 శాతం. ఈ ఒక్క కొలమానమే చూసినవాళ్లు రెండూ సమానమని తీర్పు చెబుతారు! కాంటె, డన్స్‌మోర్, షెన్ 1986లో రాసిన పుస్తకం ప్రకారం నాలుగింట మూడు వంతుల పనులు 25 శాతం తేడా లోపు ఉండటం మంచి నమూనాకు గుర్తు. ఆ గీత ప్రకారం ఈ రెండూ ఇంకా అందుకోలేదు.

నాలుగో ప్రశ్న: తప్పు ఎటువైపు మొగ్గింది? కంటి అంచనా మొత్తం 21 రోజులు, పట్టింది 30. ఐదింటిలో నాలుగు తక్కువే చెప్పారు. లెక్క అంచనా మొత్తం 31. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి సర్దుకుంది. డబ్బు మాట్లాడుకునేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ ప్రశ్నే. ఖండగుత్తగా పని ఒప్పుకున్నవాడు 21 రోజుల కూలికి 30 రోజులు చేశాడు. ఆ తొమ్మిది రోజులు అతని జేబులోంచే పోయాయి.

ఐదో ప్రశ్న: అన్నిటికన్నా పెద్ద తప్పు ఎంత? కంటి అంచనాలో బాండ్ దగ్గర ఆరు రోజులు. సగటులు దీన్ని దాచేస్తాయి. టీమ్‌ను, ఇంటిని, నిద్రను పాడుచేసేది మాత్రం ఇలాంటి ఒక్క తప్పే.

ఇక్కడొక జాగ్రత్త. శాతాల సగటును ఒక్కదాన్నే నమ్మి పద్ధతిని ఎంచుకోకండి. పది రోజుల పనికి సున్నా రోజులు అని చెప్పినా తప్పు 100 శాతం దాటదు. ముప్పై రోజులు అని చెబితే 200 శాతం అవుతుంది. అంటే ఈ కొలమానం తక్కువ చెప్పేవాళ్లను మెల్లగా దువ్వుతుంది. ఫాస్, స్టెన్స్‌రుడ్, కిచెన్‌హామ్, మిర్ట్‌వైట్ 2003లో దీన్ని వివరంగా నిరూపించారు. ఆశపడి తక్కువ చెప్పే పద్ధతికి కిరీటం పెట్టే కొలమానం చేతిలో ఉంటే, ఏటా నష్టపోతూ కూడా మనం సరైన దారిలోనే ఉన్నామనుకుంటాం.

సోమరి అంచనాను ఓడించారా?

ఇప్పుడు అసలైన పరీక్ష. ఇంతకుముందు మీరు చేసిన ఇలాంటి పనులకు సగటున 6 రోజులు పట్టాయనుకోండి. ఏ ఆలోచనా లేకుండా ప్రతి పనికీ "ఆరు రోజులు" అని రాసిపెడితే ఏమవుతుంది? తేడాలు 2, 4, 2, 0, 4. మొత్తం 12, సగటు 2.4 రోజులు.

సీనియర్ కంటి అంచనా సగటు తప్పు 2.2. పని వివరాలే చూడకుండా రాసిన ఆరుకీ, ఏళ్ల అనుభవంతో చెప్పిన సంఖ్యకీ తేడా రోజులో ఐదో వంతు. లెక్క అంచనా మాత్రం 1.4తో స్పష్టంగా గెలిచింది.

ఏ పద్ధతినైనా ముందు ఇలాంటి సోమరి అంచనాతో పోల్చాలి. మార్టిన్ షెప్పర్డ్, స్టీఫెన్ మెక్‌డొనెల్ 2012లో ఇదే పట్టుబట్టారు. అప్పటికే ప్రచురితమైన కొన్ని ఫలితాలను మళ్లీ లెక్కగట్టి చూస్తే, కొన్ని పద్ధతులు పాత ప్రాజెక్టుల్లోంచి గుడ్డిగా ఒకదాన్ని తీసి చెప్పిన సంఖ్యను కూడా ఓడించలేకపోయాయి. మీ దగ్గరకు ఎవరైనా కొత్త అంచనా సాధనం తెచ్చి "90 శాతం ఖచ్చితం" అంటే, మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "దేనితో పోలిస్తే?"

పరాయి కొలతను మీ పనికి సరిపెట్టుకోండి

క్రిస్ కెమెరర్ 1987లో అమెరికాలో ఒక కన్సల్టింగ్ సంస్థ చేసిన 15 వ్యాపార ప్రాజెక్టుల మీద నాలుగు పేరున్న నమూనాలను పరీక్షించారు. స్థానిక పరిస్థితికి సర్దకుండా ఉన్నదున్నట్టు వాడితే కొకోమో సగటున 600 శాతం వరకు తప్పింది. ఫంక్షన్ పాయింట్ల పద్ధతి తప్పు దాదాపు 100 శాతం. కొకోమో చెడ్డదని దీని అర్థం కాదు. అది పుట్టిన చోటు వేరు, వాడిన చోటు వేరు. అమెరికాలోనే ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు వెళ్లేసరికి ఇంత తేడా వచ్చిందంటే, నరసరావుపేటలో ఇద్దరే ఉన్న ఆఫీసు దాన్ని యథాతథంగా తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఊహించండి.

సర్దుకోవడం కష్టమేం కాదు. పై ఉదాహరణలో కంటి అంచనా మొత్తం 21, పట్టింది 30. భాగిస్తే దాదాపు 1.4. సీనియర్ ఇకమీద చెప్పే ప్రతి సంఖ్యనూ 1.4తో గుణించి చూడండి. కానీ ఆ సవరణ పనిచేసిందో లేదో తేల్చడానికి మళ్లీ ఈ ఐదు పనుల మీదే లెక్క వేయకండి. అది ప్రశ్నపత్రం ముందే చూసి రాసిన పరీక్ష అవుతుంది. 1.4ను రాబోయే ఐదు పనులకు వాడి, అప్పుడు మార్కులు వేయండి. కొత్త పనుల మీద కూడా తప్పు తగ్గితేనే సవరణ నిజం.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎక్కువ రోజులు చెబితే పని ఆ రోజులన్నీ తినేస్తుంది. 1955లో పార్కిన్సన్ చెప్పిన నియమం ఇదే. పదిహేను రోజులు చెప్పి, పది రోజుల పనిని పదిహేను రోజులకు సాగదీస్తే కాగితం మీద తప్పు సున్నా. అందుకే రోజులతోపాటు పని గంటలను కూడా రాయండి, అదీ ఏ రోజుకారోజు. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసే గంటలు అంచనాకు దగ్గరగా జరుగుతాయి. మనసు అలాగే పనిచేస్తుంది.

ఒక్క సంఖ్య చాలదు, పరిధి చెప్పండి

పని మొదలు కాకముందు ఎంత గొప్ప పద్ధతైనా గురి చూసి కొట్టలేదు. కేవలం ఆలోచన దశలో ఉన్న పనికి అంచనా నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల దాకా ఎటైనా పోవచ్చని, వివరాలు తేలేకొద్దీ ఆ పరిధి ఇరుకవుతుందని బోమ్ 1981లోనే గీసి చూపించారు. అందుకే ఒక్క సంఖ్య బదులు "ఏడు నుంచి పన్నెండు రోజులు, పదింట తొమ్మిదిసార్లు ఈ లోపే అవుతుంది" అని చెప్పడం నేర్చుకోండి.

దీనికీ మార్కులుంటాయి. అలాంటి పరిధులు పది చెబితే తొమ్మిది నిజం కావాలి. నార్వేలో మాగ్నె యోర్గెన్‌సన్, సహచరులు పరిశీలించినప్పుడు, 90 శాతం ఖాయం అని చెప్పిన పరిధుల్లో నిజానికి 60–70 శాతమే నిలిచాయి. మన ధీమా ఎప్పుడూ మన లెక్క కన్నా పెద్దది. మీ పరిధులు పదింట ఆరుసార్లే నిలుస్తుంటే వాటిని వెడల్పు చేయండి. పదికి పదీ నిలుస్తుంటే ఎదుటివాళ్లకు పనికిరానంత వెడల్పుగా చెబుతున్నారేమో చూసుకోండి.

మాట ఎలా ఇవ్వాలి?

ఇదంతా చివరికి ఒక మనిషితో మాట్లాడటానికే. కోల్డ్ స్టోరేజీ యజమాని అడుగుతాడు:

"ఏమయ్యా, సంక్రాంతికి అయిద్దా?"

"బాబాయ్, గేటు ఎంట్రీ, అద్దె లెక్క సంక్రాంతికి ఖాయంగా ఇస్తాను. బాండ్ మాత్రం ఎనిమిది నుంచి పదమూడు రోజులు పట్టుద్ది. మీ గుమాస్తా గారి దగ్గర రేపొక పూట కూర్చోనివ్వండి, కూర్చున్నాక ఇంకా గట్టిగా చెబుతాను."

"అవతలోళ్లు అన్నీ పది రోజుల్లో ఇస్తామన్నారే!"

"ఇస్తే మంచిదే బాబాయ్. నేను పోయిన ఏడాది చేసిన పనుల లెక్క ఇదిగో. ఎన్ని రోజులు చెప్పానో, ఎన్ని రోజులు పట్టిందో రెండూ ఉన్నాయి. చూసుకోండి."

ఆ కాగితం ఉన్నవాడు గొంతు పెంచనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. టిక్కీలు లారీల్లో వచ్చి గేటు ముందు నిలబడే రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఎంత నష్టమో యజమానికి బాగా తెలుసు. తక్కువ రోజుల మాట కన్నా నిలబడే మాట విలువ ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మేనేజరుతోనైనా ఇదే దారి. గడువు కదలదంటే పనిని తగ్గించమని అడగండి. "అయితే ఇంకో ఇద్దరిని ఇస్తాను" అంటే, ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్తవాళ్లను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పిన మాట గుర్తు చేయండి. కొత్తవాళ్లకు పని నేర్పే కాలం కూడా మీ అంచనాలో ఒక వరుసే.

ఈ వారం నుంచి చేయాల్సినవి

1. ఒక నోటుపుస్తకమో, ఒక స్ప్రెడ్‌షీటో తెరవండి. ఏడు గడులు చాలు: పని పేరు, అంచనా వేసిన తేదీ, కనీసం, గరిష్ఠం, ఎక్కువగా అనుకునే సంఖ్య, నిజంగా పట్టింది, తేడాకు కారణం.

2. అంచనా రాశాక దిద్దకండి. మనసు మారితే కింద కొత్త వరుసలో తేదీతో రాయండి. పాతదీ ఉండాలి.

3. అర పూట నుంచి పది రోజుల దాకా పట్టే చిన్న పనులతో మొదలుపెట్టండి. ఏడాది పట్టే పని ఏడాదికి ఒక్కసారే పాఠం చెబుతుంది. చిన్న పనులు వారానికి నాలుగు పాఠాలు చెబుతాయి.

4. మధ్యలో ఆపేసిన పనులను చెరిపేయకండి. సవ్యంగా పూర్తయినవే లెక్కలో మిగిలితే మీ చరిత్ర ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది.

5. ఇరవై పనులు కాగానే పైన చెప్పిన ఐదు ప్రశ్నలూ వేయండి. తర్వాత సోమరి అంచనాతో పోల్చండి.

6. కారణాల గడిని చదవండి. అందులో ఒకే మాట మూడుసార్లు కనిపిస్తే, ఉదాహరణకు "అవతలి నుంచి వివరాలు రాలేదు" అని ఉంటే, అదే మీ తర్వాతి అంచనాలో కొత్త వరుస.

7. ఇంజినీరింగ్ చివరి ఏడాది చదివేవాళ్లు మేజర్ ప్రాజెక్టునే ప్రయోగశాల చేసుకోండి. టీమ్‌లో నలుగురూ విడివిడిగా అంచనా రాయండి, రోజూ గంటలు రాయండి. ఇంటర్వ్యూలో "మా అంచనా ఇంత తప్పింది, కారణం ఇది, రెండో విడతలో ఇంతకు తగ్గించాం" అని చెప్పగలిగిన విద్యార్థి, ప్రాజెక్టు పేరు మాత్రమే చెప్పేవాడికన్నా చాలా ముందుంటాడు.

ఈ లెక్కను ఎవరినీ శిక్షించడానికి వాడకండి. తప్పిన అంచనాకు తిట్లు పడతాయని తెలిసిన రోజు నుంచి టీమ్‌లో ఎవరూ నిజం రాయరు. అందరూ రెట్టింపు చెప్పి నిశ్చింతగా ఉంటారు, పుస్తకం నిండుతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. టీమ్ లీడ్ అయినవాళ్లు ముందు తమ సొంత అంచనాల పట్టీని గోడకు అంటించాలి. మిగతావాళ్లకు ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

ఏ పద్ధతి గొప్పదన్న వాదన పుస్తకాల్లో ఇంకా నడుస్తూనే ఉంటుంది. మీ పనికి, మీ ఊరికి, మీ టీమ్‌కు ఏది నిలుస్తుందో చెప్పగలిగేది మీరు రాసిన వరుసలే. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనికి ఒక కనీసం, ఒక గరిష్ఠం రాసి, పక్కన ఈ రోజు తేదీ వేయండి. తర్వాతి అధ్యాయానికి ఆ వరుసతో రండి.